డెబ్బై ఏళ్లయినా చల్లారని చెరువులు: మయాక్ అణు వ్యర్థాల పక్కన బతుకుతున్న ఊళ్లు

రష్యాలో ఉరల్ పర్వతాల తూర్పు వైపున కరాచాయ్ అని ఒక చిన్న చెరువు ఉండేది. ఇప్పుడక్కడ చుక్క నీరు కనిపించదు. కాంక్రీటు దిమ్మెలు, బండరాళ్లు, మట్టి పోసి 2015 నవంబరులో దాన్ని పూర్తిగా మూసేశారు. మన దగ్గర చెరువులు పూడ్చేది ప్లాట్ల కోసం. కరాచాయ్‌ని పూడ్చింది మాత్రం దాని దగ్గరికి మనిషి వెళ్లలేని పరిస్థితి వచ్చినందుకు. 1990 నాటి కొలతల ప్రకారం దాని గట్టున ఒక చోట గంటసేపు నిలబడితే చాలు, మనిషి ప్రాణం పోయేంత రేడియోధార్మికత అక్కడ ఉండేది.

పూడ్చేశారు కదా, ఇక ఇబ్బంది తీరినట్టేనా అంటే తీరలేదు. గాలికి దుమ్ము లేచే ముప్పు తగ్గింది, అంతే. చెరువు అడుగు నుంచి ఏళ్ల తరబడి కిందికి దిగిన విషపు నీరు భూగర్భంలో అలాగే ఉంది. నెమ్మదిగా కదులుతోంది కూడా.

అణు ప్రమాదం అనగానే అందరికీ చెర్నోబిల్, ఫుకుషిమా గుర్తుకొస్తాయి. రియాక్టరు పేలడం, పొగ లేవడం, జనం పారిపోవడం. కానీ అణు పరిశ్రమ మిగిల్చిన వ్యర్థాలు ట్యాంకుల్లో, గుంటల్లో, కట్టలు కట్టిన చెరువుల్లో పాతబడుతూ ఉంటే జరిగే నష్టం ఇలా టీవీలో కనిపించే రకం కాదు. ఎక్కువసార్లు అది కట్ట కింద ఊట రూపంలోనో, ట్యాంకు అడుగున సన్నటి చిల్లు రూపంలోనో మొదలవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మయాక్‌ను మించిన ఉదాహరణ లేదు. నదిలో పారబోయడం, ట్యాంకులో నిల్వ చేయడం, చెరువులో పోయడం, కట్టలు కట్టి ఆపడం అనే నాలుగు పద్ధతులూ అక్కడే, ఒకదాని తర్వాత ఒకటిగా అమలయ్యాయి. నాలుగూ బెడిసికొట్టాయి.

వ్యర్థాలు ఎందుకు పుడతాయి, ఎంతకాలం ఉంటాయి

రియాక్టరులో యురేనియం ఇంధనం మండిన తర్వాత (నిజానికి అది మంట కాదు, అణువుల విచ్ఛిత్తి) అందులో కొత్త పదార్థాలు పుడతాయి. వాటిలో ప్లుటోనియం ఒకటి. బాంబుకు కావలసింది అదే. దాన్ని వేరు చేయాలంటే వాడేసిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించాలి. ప్లుటోనియం తీసుకున్నాక మిగిలే ద్రావణం వేడిగా, తీవ్రమైన రేడియోధార్మికతతో ఉంటుంది. అందులో ముఖ్యంగా భయపడాల్సినవి స్ట్రాన్షియం-90, సీజియం-137.

ఈ రెండింటి అర్ధాయువు దాదాపు 30 ఏళ్లు. అంటే 30 ఏళ్లకు సగం తగ్గుతుంది, ఇంకో 30 ఏళ్లకు మిగిలిన దాంట్లో సగం. దాదాపు వెయ్యో వంతుకు రావాలంటే 300 ఏళ్లు పడుతుంది. ప్లుటోనియం-239 అయితే సగం తగ్గడానికే 24 వేల ఏళ్లు కావాలి. ఇక దాన్ని దాచిపెట్టే ఉక్కు ట్యాంకు ఎన్నేళ్లు ఆగుతుంది? తొలినాళ్లలో కట్టినవి 20, 25 ఏళ్ల కోసం అనుకుని కట్టారు. అసలు చిక్కంతా ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది. ముందు తరం వాళ్లు "ప్రస్తుతానికి ఇక్కడ పెడదాం, తర్వాత చూద్దాం" అనుకున్నారు. ఆ తర్వాత అనేది చాలా చోట్ల ఇంకా రాలేదు.

టేచా నదిలో కలిపేశారు

మయాక్ అంటే రష్యన్ భాషలో దీపస్తంభం. సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబుకు ప్లుటోనియం తయారు చేసుకున్న కర్మాగారం ఇది. 1948 జూన్‌లో మొదటి రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఆగస్టు 29న బాంబు పేలింది. కర్మాగారంలో పనిచేసేవాళ్ల కోసం కట్టిన ఊరు మ్యాపుల్లో ఉండేది కాదు. చెల్యాబిన్స్క్-40 అని ఒక పోస్టాఫీసు నంబరు లాంటి పేరు పెట్టారు. ఇప్పటి పేరు ఓజ్యోర్స్క్. ఇవాళ్టికీ దాని చుట్టూ కంచె ఉంది, పాసు లేనిదే లోపలికి రానివ్వరు.

అమెరికాను అందుకోవాలన్న తొందరలో వ్యర్థాల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. పక్కనే టేచా అనే చిన్న నది పారుతోంది. నది అనడం కన్నా మన వాగు అనుకోవచ్చు, అంత చిన్నది. 1949 నుంచి 1956 వరకు దాదాపు 7.6 కోట్ల ఘనపు మీటర్ల ద్రవ వ్యర్థాలను అందులోకి వదిలారు. వాటితో వెళ్లిన రేడియోధార్మికత దాదాపు 27 లక్షల క్యూరీలు. అందులో అత్యధిక భాగం 1950, 1951 సంవత్సరాల్లోనే వెళ్లింది.

టేచా వెళ్లి ఇసెత్‌లో కలుస్తుంది. ఇసెత్ తొబోల్‌లో, తొబోల్ ఇర్తిష్‌లో, ఇర్తిష్ ఓబ్‌లో. చివరికి ఉత్తర ధ్రువ సముద్రం. టేచా, ఇసెత్ ఒడ్డున అప్పట్లో 41 ఊళ్లు ఉండేవి, మొత్తం 1,24,000 మంది జనం. చాలామంది తాతార్లు, బష్కిర్లు, అంటే ఆ ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న తుర్కిక్ ముస్లిం జాతుల వాళ్లు. రష్యన్లూ ఉన్నారు. ఊళ్లలో బావులు తక్కువ. తాగడానికి, వంటకు, స్నానానికి, బట్టలుతకడానికి అంతా నదే. బాతులు నదిలో ఈదేవి, ఆవులు ఒడ్డున మేసేవి. వసంతంలో వరద వచ్చినప్పుడు నది పొంగి పచ్చిక మైదానాల్లోకి వెళ్లి, వ్యర్థాలను అక్కడి మట్టిలో వదిలేసి వెనక్కి వచ్చేది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. 1951లో కొలతలు తీసి చూసి అధికారులే కంగారుపడ్డారు. ఆ తర్వాత నది నీళ్లు వాడొద్దని ఆంక్షలు పెట్టారు, ఒడ్డున ముళ్లకంచె వేశారు, కాపలా పెట్టారు. ఎందుకు వాడొద్దో మాత్రం చెప్పలేదు. ఎందుకో తెలియనప్పుడు కంచె దాటడం మామూలే. ఎండాకాలంలో ఆవును నీళ్ల దగ్గరికి వెళ్లకుండా ఎవరాపగలరు?

నదికి 7 కిలోమీటర్ల దిగువన ఉన్న మెట్లినో ఊరి జనం అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నారు. 1950ల్లో, 60ల మొదట్లో మొత్తం 7,500 మందిని వేరే చోట్లకు తరలించారు. తరలించని ఊళ్లలో పెద్దది ముస్ల్యుమోవో. దాని సంగతి తర్వాత.

1957 సెప్టెంబరు 29: మూత ఎగిరిపోయింది

నదిలో కలపడం ఆపాలంటే వ్యర్థాలను ఎక్కడో ఒకచోట పెట్టాలి. బాగా తీవ్రమైనవాటి కోసం 1953లో భూమిలోపల కాంక్రీటు గదుల్లో ఉక్కు ట్యాంకులు అమర్చారు. ఈ ద్రావణం తనంతట తానే వేడెక్కుతుంది కాబట్టి చుట్టూ నీళ్లు ప్రవహింపజేసి చల్లబరచాలి. వేడిని కొలిచే పరికరాలు రేడియోధార్మికతకు పాడైపోయాయి. లోపలికి వెళ్లి బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఒక ట్యాంకులో చల్లబరిచే ఏర్పాటు చెడిపోయింది. ఆ సంగతి ఎవరూ సమయానికి గుర్తించలేదు. లోపలున్న 70, 80 టన్నుల ద్రావణంలో నీరంతా ఆవిరైపోయి అడుగున నైట్రేటు, అసిటేటు లవణాలు ఎండిపోయాయి. వేడి 350 డిగ్రీల దాకా వెళ్లింది. ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక అది పేలింది. 160 టన్నుల కాంక్రీటు మూత గాల్లోకి లేచింది. ఇది అణు విస్ఫోటనం కాదు, మందుగుండు లాంటి రసాయనిక పేలుడు. కానీ దాంతో పాటు పైకి లేచింది అణు వ్యర్థాలు.

ట్యాంకులో ఉన్న 2 కోట్ల క్యూరీల్లో 90 శాతం చుట్టుపక్కలే పడింది. మిగతా 20 లక్షల క్యూరీలు మేఘంగా లేచి ఈశాన్యం వైపు వెళ్లాయి. గాలి అటు వీచడం వల్ల కర్మాగారం వాళ్ల ఊరు చాలావరకు తప్పించుకుంది. ఆ దారిలో ఉన్న పల్లెలకు ఆ అదృష్టం లేకపోయింది. దాదాపు 300 కిలోమీటర్ల పొడవున 217 ఊళ్లు, పట్టణాల మీద, 2,70,000 మంది ఉన్న ప్రాంతంలో ఆ ధూళి పడింది. దీన్నే తూర్పు ఉరల్ రేడియోధార్మిక చార అంటారు.

మేఘం మొదట తగిలిన బష్కిర్ ఊళ్లు మూడు: బెర్ద్యానిష్, సాత్లికోవో, గలికాయెవో. దాదాపు 1,100 మంది జనం. వాళ్లను తరలించడానికి వారం పది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆ పాలే తాగారు, పెరట్లో తవ్విన బంగాళాదుంపలే తిన్నారు. తరువాత సైనికులు వచ్చి బట్టలు విప్పించి, స్నానాలు చేయించి, పశువులను కాల్చి పాతిపెట్టి, ఇళ్లు నేలమట్టం చేశారు. మిగతా ఊళ్లను ఖాళీ చేయించడం ఏడాదిన్నర దాకా సాగింది. మొత్తం మీద పది వేల మందికి పైగా ఇళ్లు వదిలారు.

ఆ రోజుల్లో చెల్యాబిన్స్క్ పత్రికలో ఒక వార్త వచ్చింది. రాత్రి ఆకాశంలో కనిపించిన వింత కాంతి ధ్రువకాంతి అని రాశారు. సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1976లో, లండన్‌లో స్థిరపడిన సోవియట్ శాస్త్రవేత్త జోరెస్ మెద్వెదెవ్ రాసిన వ్యాసంతో. అప్పుడు కూడా పాశ్చాత్య అణు పరిశ్రమ పెద్దలు కొందరు అది ఒట్టి మాట అని కొట్టిపారేశారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు మాత్రం ముందే తెలుసు. తమ దేశంలో అణు విద్యుత్తుకు చెడ్డపేరు వస్తుందనే బయటపెట్టలేదని చాలామంది అంటారు. మాస్కో అధికారికంగా ఒప్పుకుంది 1989లో. అంటే 32 ఏళ్లకు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలమానంలో దీన్ని 6వ స్థాయిలో పెట్టారు. దీనికన్నా పైన ఉన్నవి చెర్నోబిల్, ఫుకుషిమా రెండే.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పేలిన ట్యాంకు వయసు నాలుగేళ్లే. ఉక్కు తుప్పు పట్టేదాకా కూడా ఆగనక్కర్లేదు. కొలిచే పరికరం పాడైతే, దాన్ని మార్చడానికి లోపలికి వెళ్లలేకపోతే కొత్త ట్యాంకైనా పాతదాని కిందే లెక్క.

కరువు వచ్చింది, చెరువు గాల్లో కలిసింది

టేచా సంగతి తెలిశాక 1951 అక్టోబరు నుంచి వ్యర్థాలను కరాచాయ్‌కి మళ్లించారు. ఇందులోంచి బయటికి పారే వాగు లేదు, కాబట్టి విషం ఇక్కడే ఉంటుందనుకున్నారు. ఏళ్లు గడిచే కొద్దీ ఆ చిన్న చెరువులో 12 కోట్ల క్యూరీల రేడియోధార్మికత పోగుపడిందని అంచనా. 1957 మేఘంలో వెళ్లిన దానికి ఇది 60 రెట్లు.

వాగు లేదు సరే, ఆకాశం ఉంది కదా. 1960ల మధ్యలో వరుసగా వానలు తగ్గాయి, మంచూ సరిగా పడలేదు. చెరువు గట్ల నుంచి వెనక్కి తగ్గి, అడుగున ఉన్న బురద బయటపడి ఎండిపోయింది. 1967 వసంతంలో గాలులు లేచి ఆ పొడి దుమ్మును మోసుకెళ్లాయి. 1,800 చదరపు కిలోమీటర్లకు పైగా అది పరుచుకుంది. దాని కింద దాదాపు 40 వేల మంది జనం. పదేళ్ల క్రితం ట్యాంకు పేలుడుతో దెబ్బతిన్న కొన్ని ఊళ్ల మీదే ఇది మళ్లీ పడింది.

ఆ తర్వాత చెరువును మూసే పని మొదలుపెట్టారు. 1978 నుంచి లోపల బోలుగా ఉన్న కాంక్రీటు దిమ్మెలు చెరువులోకి దింపారు. బురద ఎగదన్నకుండా ఆ బోలు భాగంలోకి వెళ్లాలని ఆ ఆలోచన. లారీ డ్రైవర్ల క్యాబిన్లకు సీసపు రేకులు కట్టారు, ఒక్కో విడత నిమిషాల్లో ముగించుకుని వచ్చేయాలి. మొత్తం పని పూర్తి కావడానికి 37 ఏళ్లు పట్టింది.

భూమి పైన కథ ఇది. కింద వేరే కథ నడుస్తోంది. వ్యర్థాల్లో నైట్రేటు ఉప్పు ఎక్కువగా ఉండడం వల్ల ఆ నీరు మామూలు నీటికన్నా బరువు. చెరువు అడుగు రాతి పగుళ్ల గుండా దాదాపు 100 మీటర్ల లోతుకు దిగి, అక్కడ కొన్ని లక్షల ఘనపు మీటర్ల విష జలరాశిగా ఏర్పడింది. అది మిషెల్యాక్ అనే వాగు దిక్కుకు పాకుతోంది. చుట్టూ బోర్లు వేసి దాని కదలికను గమనిస్తున్నారు. బోరు బావులతో బతికే మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైనున్న చెరువును పూడ్చినంత మాత్రాన కిందున్న నీరు ఎక్కడికీ పోదు.

కట్టల వరుస

నాలుగో పద్ధతి కట్టలు. టేచా ఎగువ భాగంలో 1951 నుంచి 1964 దాకా ఒకదాని వెనక ఒకటి ఆనకట్టలు కట్టి నది పడకనే జలాశయాలుగా మార్చారు. తక్కువ స్థాయి వ్యర్థాలు వీటిలోకి వెళ్తాయి. మామూలు వాగు నీరు వీటిలో కలవకుండా కుడి, ఎడమ వైపుల మళ్లింపు కాలువలు తవ్వారు. చివర ఉన్నది 11వ నంబరు ఆనకట్ట. మొత్తం జలాశయాల్లో దాదాపు 35 కోట్ల ఘనపు మీటర్ల కలుషిత నీరు ఉంది.

ఇది మట్టి కట్ట. ఏ మట్టి కట్టైనా కొంత ఊట వదులుతుంది, చెరువుల కింద వ్యవసాయం చేసినవాళ్లందరికీ తెలుసు. మన దగ్గర ఆ ఊటతో కట్ట కింద నాలుగు మళ్లు పండుతాయి. అక్కడ ఆ ఊట స్ట్రాన్షియం-90ని మళ్లింపు కాలువల్లోకి తెస్తుంది, కాలువలు దాన్ని టేచాలోకి తెస్తాయి. వానలు ఎక్కువైన సంవత్సరాల్లో ఇంకో భయం. 1990ల చివర, 2000ల మొదట్లో చివరి జలాశయం మట్టం ప్రమాద స్థాయికి దగ్గరికి వచ్చింది. కట్ట తెగితే ఏమవుతుందో ఊహించడానికి ఎవరూ ఇష్టపడరు. ఆ తర్వాత కట్టను పటిష్ఠం చేశారు, మట్టాన్ని అదుపు చేసే ఏర్పాట్లు చేశారు.

2001 నుంచి 2004 మధ్య కర్మాగారం టేచాలోకి వ్యర్థాలు వదిలిందని అప్పటి డైరెక్టరు విటాలీ సదోవ్నికోవ్ మీద కేసు నడిచింది. 2006లో రష్యా పార్లమెంటు శతాబ్ది సందర్భంగా ప్రకటించిన క్షమాభిక్ష కింద ఆ కేసు మూసేశారు. అట్లా ఆ నీళ్ల సంగతి కోర్టులో తేలకుండానే పోయింది.

ఆనకట్టకు దిగువన అసనోవ్ అనే చిత్తడి నేలలు ఉన్నాయి. 1950ల్లో వచ్చిన విషం అందులోని పీచు మట్టిలో ఇంకిపోయి ఉంది. ఇప్పుడు కర్మాగారం ఒక్క చుక్క కూడా వదలకపోయినా, ఈ నేలలు ఏటా కొంత కొంత నదికి ఇస్తూనే ఉంటాయి.

ముస్ల్యుమోవో

టేచా దారిలో 78 కిలోమీటర్ల దిగువన ఉన్న తాతార్ ఊరు ముస్ల్యుమోవో. రైల్వే స్టేషను ఉన్న పెద్ద ఊరు. ఎగువనా దిగువనా ఉన్న చిన్న ఊళ్లను ఖాళీ చేయించి దీన్ని మాత్రం నది పక్కనే వదిలేశారు. డాక్టర్లు వచ్చి రక్తం తీసుకునేవాళ్లు, పళ్లు, ఎముకలు పరీక్షించేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఏం తేలిందో చెప్పేవాళ్లు కాదు. మమ్మల్ని ప్రయోగశాల కుందేళ్లలా చూశారన్నది ఆ ఊరి జనం దశాబ్దాలుగా చెబుతున్న మాట. ఫలితాలు దాచిపెట్టిన తీరు చూస్తే ఆ కోపాన్ని తప్పుపట్టలేం.

స్ట్రాన్షియం-90 శరీరంలో కాల్షియం లాగా ప్రవర్తిస్తుంది. పాలలో వస్తుంది, ఎముకల్లో, పళ్లలో చేరుతుంది, అక్కడే ఏళ్ల తరబడి ఎముక మజ్జను తాకుతుంది. ఎదిగే పిల్లల్లో మరీ ఎక్కువ. టేచా ఒడ్డున 940 మందికి దీర్ఘకాలిక రేడియేషన్ జబ్బు ఉన్నట్టు అప్పటి వైద్యులు నమోదు చేశారు. 1950కి ముందు పుట్టి ఆ ఊళ్లలో ఉన్న దాదాపు 30 వేల మంది ఆరోగ్యాన్ని చెల్యాబిన్స్క్‌లోని రేడియేషన్ వైద్య కేంద్రం ఇప్పటికీ గమనిస్తోంది. శరీరానికి తగిలిన మోతాదు పెరిగే కొద్దీ రక్త క్యాన్సరు, ఇతర క్యాన్సర్లు పెరిగాయని ఆ అధ్యయనాల్లో తేలింది. బాంబు పడినట్టు ఒక్కసారిగా తగలక, కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తగిలితే ఏమవుతుందన్న ప్రశ్నకు ప్రపంచమంతా ఇవాళ వాడుతున్న ఆధారాల్లో ఈ ఊళ్ల లెక్క ఒకటి. అది వాళ్లు అడిగి ఇచ్చింది కాదు.

బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం 1993లో వచ్చింది. ముస్ల్యుమోవోను తరలించాలని 2006లో నిర్ణయించారు. ఇంటికి 10 లక్షల రూబుళ్లు తీసుకోండి, లేదా కొత్తగా కట్టే ఊళ్లో ఇల్లు తీసుకోండి అన్నారు. ఆ కొత్త ఊరు ఎక్కడనుకున్నారు? పాత ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, అదే నది దగ్గర. పశువులకు మేత ఎక్కడ, పుట్టగొడుగులు, కట్టెలు తెచ్చుకునే అడవి ఎక్కడ అంటే అన్నీ పాత చోటే. ఈ బాధితుల తరఫున కోర్టుల్లో వాదించిన ఓజ్యోర్స్క్ హక్కుల కార్యకర్త నదేజ్దా కుతెపోవా మీద ప్రభుత్వ టీవీలో గూఢచర్యం ఆరోపణలు రావడంతో 2015లో ఆమె పిల్లలతో ఫ్రాన్స్‌కు వెళ్లిపోయారు.

ఇది ఒక్క రష్యా కథేనా

కాదు. మయాక్‌కు అమెరికాలో కవల సోదరి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ఉన్న హాన్‌ఫర్డ్. నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడిదే. ఇక్కడ భూమిలో పాతిన 177 ట్యాంకుల్లో దాదాపు 21 కోట్ల లీటర్ల వ్యర్థాలు ఉన్నాయి. వాటిలో 149 ట్యాంకులకు ఒకటే ఉక్కు పొర. 1943 నుంచి 1964 మధ్య కట్టినవి, గడువు ఎప్పుడో దాటిపోయింది. 67 ట్యాంకులు కారాయని, లేదా కారి ఉంటాయని తేల్చారు. మట్టిలోకి దిగింది దాదాపు 38 లక్షల లీటర్లు. 2021లో ఇంకో పాత ట్యాంకు కారుతోందని ప్రకటించారు. 2017 మే నెలలో అక్కడే, కలుషిత రైలు పెట్టెలను దాచిన పాత సొరంగం ఒకటి కూలింది. దాని పైకప్పుకు వాడింది కలప దూలాలు! వ్యర్థాలను గాజుగా మార్చే కర్మాగారం కట్టడం 2002లో మొదలుపెడితే, తక్కువ తీవ్రత ఉన్న భాగాన్ని గాజు చేయడం 2025లో గానీ మొదలవలేదు. యకామా తెగ వాళ్లకు ఆ నదిలో చేపలు పట్టుకునే హక్కు 1855 ఒప్పందం నుంచీ ఉంది. చేపలు తినొచ్చా లేదా అని ఇప్పుడు వాళ్లు కొలతలు చూసుకోవాలి.

జర్మనీలో ఆసె అనే పాత ఉప్పు గనిలో 1967 నుంచి 1978 వరకు 1,26,000 డ్రమ్ములు పెట్టారు. ఉప్పు పొడిగా ఉంటుంది, వేల ఏళ్లు భద్రం అనుకున్నారు. ఇప్పుడు రోజుకు దాదాపు 12 వేల లీటర్ల నీరు లోపలికి వస్తోంది. అన్నిటినీ తిరిగి పైకి తీయాలని 2013లో చట్టమే చేశారు. పెట్టడానికి పట్టింది 11 ఏళ్లు. తీయడానికి ఎన్ని దశాబ్దాలో.

పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో అమెరికా తన అణు పరీక్షల చెత్తను ఒక పేలుడు గుంటలో పోసి 1980 నాటికి కాంక్రీటు గుమ్మటం కట్టింది. రునిత్ గుమ్మటం అంటారు. పైన మూత ఉంది, అడుగున ఏమీ వేయలేదు. సముద్రం అటూపోటులకు లోపలి నీరు కూడా లేచి దిగుతుంటుంది. సముద్ర మట్టమేమో పెరుగుతోంది.

సరైన దారి ఏంటన్నది శాస్త్రవేత్తలకు తెలియక కాదు. ద్రవాన్ని గాజుగా మార్చి, ఉక్కు డబ్బాల్లో పోసి, నీరు చేరని గట్టి రాతిలో చాలా లోతున పెట్టాలి. మయాక్‌లోనే 1987 నుంచి గాజుగా మారుస్తున్నారు. ఫిన్లాండ్‌లో ఒంకలో అనే చోట 400 మీటర్లకు పైగా లోతున గ్రానైటు రాతిలో సొరంగాలు తవ్వారు. అక్కడ వ్యర్థాలు పెట్టాల్సిన ఊరు ముందే తెలుసుకుని, ఒప్పుకుని ఇచ్చింది. డబ్బు కూడా విద్యుత్తు అమ్మినప్పుడే పక్కన పెట్టారు. బాంబుల కాలంలో పుట్టిన పాత వ్యర్థాలకు ఈ రెండూ లేవు.

మన నేల మీద

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి తీవ్ర స్థాయి వ్యర్థాల ట్యాంకులు లేవు. భారత్‌లో వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేసి, గాజుగా మార్చే పని ట్రాంబే, తారాపూర్, కల్పక్కంలో జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ఇంకా ప్రతిపాదన దశలోనే ఉంది. కానీ ఈ గొలుసు మొదటి కొస మన దగ్గరే ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి.

ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలే బురదను టైలింగ్స్ అంటారు. దాన్ని కట్టలు కట్టిన పెద్ద చెరువులో పోస్తారు. దీన్నీ మయాక్ ట్యాంకులనూ ఒక గాటన కట్టడం సరికాదు. తీవ్రతలో వేల, లక్షల రెట్ల తేడా ఉంటుంది. అయితే ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఈ బురదలోనే మిగులుతుంది. యురేనియం మాత్రమే బయటికి వెళ్తుంది, రేడియం, థోరియం ఇక్కడే ఉంటాయి. రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. గని ఏనాడో మూతపడ్డా చెరువు ఉంటుంది.

కె.కె. కొట్టాల చుట్టుపక్కల రైతులు బోర్లలో నీళ్లు ఉప్పగా మారాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, చెరువు అడుగున సరైన పొర వేయలేదని కొన్నేళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. కాలుష్యానికి తమ చెరువు కారణం కాదని యురేనియం కార్పొరేషన్ అంటోంది. నల్లమల అడవుల్లో యురేనియం అన్వేషణ మీద 2019లో తెలంగాణలో పెద్ద ఎత్తున నిరసనలు లేచినప్పుడు జనం తుమ్మలపల్లెనే చూపించారు. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అంతకు చాలా ఏళ్ల ముందు నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు ప్రతిపాదన మీద కూడా ఇదే ప్రశ్న వచ్చింది: బురద చెరువు ఎక్కడ కడతారు, దాని ఊట ఏ నీళ్లలో కలుస్తుంది?

మయాక్ చుట్టూ ఉన్న ఊళ్లకు ఈ ప్రశ్న అడిగే అవకాశమే రాలేదు. చెరువు అడుగున ఏం వేశారు, గమనించే బోర్లు ఎన్ని ఉన్నాయి, వాటి నీటిని కంపెనీతో సంబంధం లేని సంస్థ ఎవరైనా పరీక్షిస్తున్నారా, ఆ కాగితాలు గ్రామ పంచాయతీలో తెలుగులో దొరుకుతాయా, గని మూసేశాక కట్టను చూసుకునే ఖర్చు ఎవరి పేరున జమ అయి ఉంది? వేముల మండలంలో బోరు కింద అరటి వేసుకున్న రైతు ఇవాళ అడగగలిగినవి ఇవి.